గూడ్సు బండికి తలంటు

ముప్పై ఏళ్లకు పైబడి రోజూ చూసిన వస్తువు ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఈ సంగతి రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుందనగా బయటపడింది. అప్పటిదాకా నేనూ, నన్ను నమ్మి జీతమిచ్చిన రైల్వే శాఖా ఒకే భ్రమలో హాయిగా బతికేశాం.

ఆ వస్తువు గూడ్సు వ్యాగన్. మీరు లెవెల్ క్రాసింగ్ దగ్గర బండి ఆపుకుని, విసుక్కుంటూ లెక్కపెట్టి, సగంలో లెక్క తప్పే ఆ మట్టిరంగు పెట్టె. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఇది చదువుతుంటే ఒక మాట. రోజూ చేసే పని మనకు బాగా తెలుసు అనుకోవడంలో ఒక సుఖం ఉంది. ఆ సుఖాన్ని వీలైనంత కాలం అనుభవించండి. పరీక్ష మాత్రం పెట్టించుకోకండి.

నేను వ్యాగన్ ఎగ్జామినర్‌ని. బండి యార్డులోకి రాగానే దాని పక్కన నడుస్తూ, వంగుతూ, కిందికి దూరుతూ, సుత్తితో చక్రాన్ని కొట్టి ఆ మోత వింటూ, ఇది ముందుకు పోవచ్చు, ఇది పోకూడదు అని తేల్చడం నా పని. పోకూడనిదాన్ని సిక్ లైన్లోకి తోయిస్తాం. సిక్ లైనంటే వ్యాగన్ల ఆసుపత్రి. చాలామంది ఉద్యోగంలో కింది నుంచి పైకి వచ్చామని గొప్పగా చెప్పుకుంటారు. నేను రోజుకు ఎన్నోసార్లు కింది నుంచి పైకి వచ్చేవాణ్ణి, వీపంతా గ్రీజుతో.

నా సర్వీసులో ఎక్కువ భాగం కొత్తవలసలో గడిచింది. కిరండూల్ లైను మీంచి ఇనుప ఖనిజం దిగి వచ్చేది అక్కడికే. ఆ ఎర్ర దుమ్ముకి మా ఇంట్లో తెల్లచొక్కా అనేది కొట్లో కొన్న రోజు మాత్రమే తెల్లగా ఉండేది.

ఆఖరికి మోకాళ్లు మొరాయించాయి. ఇక వంగకూడదన్నాడు డాక్టరు. వంగని ఎగ్జామినరూ మోగని గంటా ఒకటే. పదవీ విరమణకు ముందే నాకు పాద విరమణ అయిపోయిందన్నమాట. అన్నేళ్లు వ్యాగన్లను సిక్ లైన్లోకి తోసినవాణ్ణి, నేనే అందులో పడ్డాను. ఇలాంటివాళ్లను శాఖ ఇంటికి పంపదు, కూర్చుని చేసే పనేదో చూస్తుంది. నాకు రెండు చూపించారు. ఒకటి కిరండూల్ లైన్లో కొండమీద ఒక చిన్న స్టేషన్లో సామాన్ల గదికి కాపలా. అక్కడ క్వార్టరుకీ స్టేషనుకీ మధ్య ఉన్నవన్నీ మెట్లే. రెండోది విజయనగరం దగ్గర ఒక ట్రైనింగ్ స్కూల్లో మోడల్ రూము. మా ఆవిడ విజయనగరంలో అద్దెయిల్లు కూడా చూసేసింది. నేను మోడల్ రూమే అడిగాను.

మోడల్ రూమంటే ఒక పెద్ద హాలు. నడుం ఎత్తు బల్లల మీద బుల్లి పట్టాలు, బుల్లి స్టేషన్లు, ఎర్రగా పచ్చగా వెలిగే బుల్లి సిగ్నళ్లు. కొత్తగా చేరిన ట్రైనీలకు నిజం బండి చేతికివ్వడానికి ముందు ఇక్కడ నేర్పుతారు. ఇక్కడ బండి పట్టాలు తప్పితే వేళ్లతో ఎత్తి పెట్టేయొచ్చు. అసలు లైన్లో ఆ సౌకర్యం లేదు.

ఆ గదికి ఇన్‌ఛార్జి నాకంటే బాగా చిన్నవాడు. గోదావరి అవతలి మనిషి. మాట మెత్తన, నడక మెత్తన, నన్ను మాస్టారూ అనేవాడు. ఆయన ప్రాణమంతా ఒక తెల్ల ఎక్స్‌ప్రెస్ బండి మీద ఉండేది. సూదిముక్కు ఇంజను, కిటికీల్లో దీపాలు, లోపల బుల్లి సీట్లు. దాన్ని స్వయంగా తన చేతుల్తో రెండేళ్లు కష్టపడి చేశాడు. రోజూ పొద్దున్నే గడ్డం బ్రష్షుతో దానికి దుమ్ము దులిపేవాడు. ఆ బ్రష్షు తన గడ్డానికి వాడేవాడు కాదు, కాబట్టి అప్పుడప్పుడు బండి ఆయనకంటే నున్నగా కనిపించేది.

నేను చేరిన మొదటి రోజే ఆయన విషయం చెప్పేశాడు. ఏడాదిలోపు పెద్ద తనిఖీ వస్తుంది. ఈ గది పిల్లలకు పాఠమా, లేక ఉత్త బొమ్మల కొలువా అన్నది అందులో తేలుస్తారు. పాఠాలన్నీ గూడ్సు బండి మీదే, ఉన్నదేమో ఎక్స్‌ప్రెస్ ఒక్కటే.

"మీరు ఒక రేకు వ్యాగన్లు చెయ్యండి మాస్టారూ. గది పనికిరాదని తేలిందంటే దీన్ని స్టోరు చేసేస్తారు. నన్ను ఏదో ఆఫీసులో పడేస్తారు. మీ సంగతి మీకు తెలుసుగా, కొండే."

రేకు అంటే పూర్తి బండి, మా బల్లల కొలతకు ముప్పై వ్యాగన్లు. నేను నవ్వాను. వ్యాగన్ చెయ్యడమా, అదీ నాకు చెప్పడమా అనుకున్నాను.

ఉత్త మామూలు వ్యాగనే కదా. నూనె డబ్బాల రేకు తెచ్చాను. సైకిలు పుల్లలు తెచ్చాను. కుట్టుమిషను స్ప్రింగులు, అయిపోయిన బాల్‌పెన్ను రీఫిల్లులు, ఇంట్లో దొరికిన ప్రతి పనికిమాలిన వస్తువూ పనికొచ్చింది. జానెడు పొడవు వ్యాగన్ ఒకటి నెల రోజులు తిని తయారైంది. బ్రేకు కడ్డీ లాగితే బ్రేకు చెక్క కదిలి చక్రానికి అంటుకునేది. ఊడి పడకుండా కింద కట్టే పట్టీలతో సహా పెట్టాను. దాన్ని తిరగేసి చూసుకుంటే నాకే కళ్లు చెమర్చాయి.

చిక్కల్లా, అది తిరగేసి ఉన్నంతసేపే బాగుంది.

ఇన్‌ఛార్జి దాన్ని పట్టాల మీద నిలబెట్టి, కాస్త దూరం జరిగి, తల ఒక పక్కకి వంచి చూశాడు. కింద చాలా బాగుందండీ అన్నాడు. తర్వాత, పైన మాత్రం బియ్యం డబ్బాలా ఉందేమిటన్నాడు. నాకు ఒళ్లు మండింది. సాక్ష్యానికి మా పెయింటరమ్మను పిలిచాను.

ఈమె గురించి చెప్పాలి. ఈమె భర్త కొత్తవలసలో నాతో పనిచేసినవాడు, నన్ను అన్నియ్యా అనేవాడు. అతను పోయాక ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. ఏళ్ల తరబడి వ్యాగన్ల పక్కన నిచ్చెన వేసుకుని నంబర్లు రాసింది. ఇప్పుడు స్కూల్లో బోర్డులు రాస్తోంది. భర్తకు అన్నను కాబట్టి ఆమెకు నేను బావను. బావను ఎంతమాటైనా అనొచ్చన్నది మా వైపు రాజ్యాంగం.

ఆమె వ్యాగన్‌ చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఏటి బావ ఇది? తలుపులేవి? సరుకు ఎలగ దిగుతాది, దండమెడితే దిగుతాదేటి?"

నేను చూసుకున్నాను. తలుపుల్లేవు. పక్క రేకుల మీద నిలువునా ఉండే కమ్మీలు కూడా లేవు.

"దీని కడుపుకి నువ్వు డాక్టరువి బావ, ఒప్పుకుంటాను. ఇన్నేళ్లలో దాని మొకం ఒక్కపాలైనా సూడనేదేటి?"

చూడలేదు. అదే అసలు సంగతి. నాకు వ్యాగన్ అంటే నడుం నుంచి కిందికే. పైనున్నది వానకు గొడుగు.

పోనీ నువ్వు చెప్పు, కమ్మీలు ఎన్ని, పై అంచు ఎలా ఉంటుంది అన్నాను. ఆమె తను నంబరు రాసే జాగా గురించైతే ఎంతైనా చెబుతాను గాని చెయ్యి అందనికాడ ఏముందో తనకెలా తెలుస్తుందని ఎదురడిగింది. తెలిసిన గార్డుకు ఫోను చేశాను. ఆయనకు ఆఖరి వ్యాగన్ వెనక వైపు కంఠతా వచ్చు, మిగతా బండి ఉందని వినికిడి. ఒక డ్రైవరును అడిగాను. వెనక్కి చూస్తే బండి ముందుకెలా వెళ్తుందన్నాడు. సర్వీసులో ఇంతమందిమి ఆ పెట్టె మీద బతికాం గాని, దాన్ని నిలువెత్తున చూసిన పాపాన ఒక్కరం పోలేదు.

మర్నాడే పాసింజరెక్కి కొత్తవలస వెళ్లాను, ప్లాట్‌ఫారం మీద నిలబడి వ్యాగన్లను చూడ్డానికి. మా పాత జట్టు ఫిట్టరు ఒకడు నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు. ఎవరినైనా దిగబెట్టడానికొచ్చానా అని అడిగితే, లేదు, వ్యాగన్ ఎలా ఉంటుందో చూడ్డానికొచ్చానన్నాను. వాడు నా నుదురు పట్టుకుని చూశాడు, జ్వరమేమోనని. విషయం విన్నాక గట్టు మీద కూలబడి నవ్వాడు.

"దీని కింద ముప్పయ్యేళ్లు తొంగున్నావు మావ. ఇప్పుడొచ్చి మొకం సూపించమంటన్నావు. కాపరం సేసీసినాక పెళ్లిసూపులేటి?"

పెళ్లిచూపులే. ఆ రోజంతా బండి తర్వాత బండి చూశాను. మొదట అన్నీ ఒకేలా కనిపించాయి. మధ్యాహ్నానికి ఏ రెండూ ఒకేలా లేవు. ఒకదానికి పక్క రేకు లోపలి నుంచి పొడిచినట్టు ఉబ్బి ఉంది. ఒకదానికి తలుపు మూత ఊడితే తీగతో కట్టారు. ఒకటి పాత రంగు మీద కొత్త రంగు అతుకు వేసుకుని, మోకాలికి మాసిక వేసిన నిక్కరులా ఉంది. వాన నీళ్లు కారిన చోట తుప్పు చారలు, ఎవరో సుద్దతో గీసి ఎవరో చెరిపిన గీతలు. మామూలు వస్తువంత కష్టమైన వస్తువు ఇంకొకటి లేదని నాకప్పుడు తెలిసింది. ఎక్స్‌ప్రెస్ బండి బొమ్మ చెయ్యాలంటే దాని ఫొటో ఉంటే చాలు. గూడ్సు బండిని ఎవరూ ఫొటో తియ్యరు.

వస్తూ వస్తూ క్యారేజీ గిన్నెలో యార్డు దుమ్ము నింపుకొచ్చాను. మా ఆవిడ మూత తీసి చూసి, గిన్నెను గుమ్మం బయట పెట్టింది.

"పొద్దున్న అన్నం అట్టుకెల్లి సాయంత్రం మన్ను తెస్తన్నావు. ఉద్యోగం కూడెడతాదన్నారు గాని మన్నెడతాదని మా నాన్నకి ఎవులూ సెప్పనేదు."

ఆ మన్నే నా మూలధనం. పెయింటరమ్మా నేనూ కలిసి మిగతా వ్యాగన్లు చేశాం. పైభాగం ఆమె చెప్పినట్టు, కిందిభాగం నేను చెప్పినట్టు, మధ్యలో తగాదా. రేకు పని అయ్యాక మురికి పని మొదలైంది. ఎర్ర దుమ్ము, బొగ్గు పొడి, బూడిద పలచగా కలిపి బ్రష్షుతో అద్దేవాళ్లం. ఇది సోకు కోసం కాదు. వ్యాగన్ మాట్లాడే భాష మురికే. చక్రం పక్కన నూనె చిమ్మి దుమ్ము కరుచుకుందంటే బేరింగు కారుతోందని అర్థం. చక్రం అంచు నీలంగా మెరుస్తుంటే బ్రేకు వదలకుండా పట్టేసిందని అర్థం. శుభ్రంగా ఉన్న వ్యాగన్ ట్రైనీకి ఏమీ చెప్పదు, కొత్త కోడలిలా కూర్చుంటుంది. అందుకని కొన్ని వ్యాగన్లకు లోపాలు కూడా రంగుతో పెట్టాను. వెతికి పట్టుకోవడమే వాళ్లకు పాఠం.

తయారైన బండిని ఇన్‌ఛార్జి చూసి, మెచ్చుకోవాలో ఓదార్చాలో తెలియక నిలబడ్డాడు.

"కొత్తగా చేసి పాతవి చేశారేమిటండీ?"

చెప్పాను, విన్నాడు. విని, నా బండిని లూప్ లైన్లో పెట్టించాడు, ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్లో తిరుగుతుంటే అడ్డం రాకుండా. అది అన్యాయం కాదు. అసలు లైన్లో కూడా గూడ్సుకు దక్కే మర్యాద అంతే.

ఇక తనిఖీ. మా శాఖలో తనిఖీ అంటే సున్నం. వారం ముందు నుంచీ గేటు దగ్గరి రాళ్లకు సున్నం, చెట్ల మొదళ్లకు సున్నం, గోడకు సున్నం, ఆ గోడ నీడలో రెండు నిమిషాలు కదలకుండా నిలబడితే మనక్కూడా. దుమ్ము కనబడితే తప్పు, నూనె మరక కనబడితే మహాపాపం. ఇన్‌ఛార్జి ఆ మతంలో పుట్టి పెరిగినవాడు. ఇది నేను ముందే ఆలోచించుకోవలసింది.

తనిఖీకి ముందు రోజు కోటబొమ్మాళిలో మా మేనకోడలి నిశ్చితార్థం. సెలవు పెట్టి వెళ్లాను. మర్నాడు పొద్దున్న నేరుగా స్కూలుకు వచ్చేసరికి వరండాలో ఎండకు పాత దుప్పటి పరిచి ఉంది. దాని మీద నా ముప్పై వ్యాగన్లూ, భావనపాడు సముద్రపుటొడ్డు ఇసుకలో నెత్తళ్ల చేపలు ఎండబెట్టినట్టు, వరసగా తళతళా మెరుస్తూ ఎండుతున్నాయి. పక్కనే పెయింటరమ్మ తల పట్టుకుని కూర్చుని ఉంది.

"నిన్న నువ్వటెల్లినావు, ఇటు కడిగీసినారు బావ. వద్దు బాబూ, అది మురికి కాదు, పని అన్నాను. విన్నేదు. బట్టల సబ్బెట్టి, పళ్లు తోముకునే బ్రష్షెట్టి తోమీసినారు. పొద్దున్నొచ్చి కొబ్బరి నూని కూడా రాసినారు, నిగనిగలాడాలని."

తలంటు. నా గూడ్సు బండికి పండగపూట తలంటు పోశారు. తుప్పు చారలు లేవు, సుద్ద గీతలు లేవు, నేను పెట్టిన ఒక్క లోపమూ లేదు. ప్రతి వ్యాగనూ నిగనిగలాడుతూ కొబ్బరినూనె వాసన వేస్తోంది.

ఇన్‌ఛార్జి సంతోషంగా బయటికి వచ్చాడు. చూశారా మాస్టారూ, మీరు సెలవులో ఉన్నారని మేమే కష్టపడ్డామన్నాడు. కోప్పడదామని నోరు తెరిచాను. ఆయన వేళ్ల కొనలు సబ్బుకు నాని ముడతలు పడి ఉన్నాయి. నోరు మూసుకున్నాను. మనిషి ప్రేమగా చేసిన తప్పును తిట్టడం చాలా కష్టం, తిట్టు చేదు మన నోట్లోనే మిగులుతుంది.

తనిఖీకి గంట ఉంది. నాకు కళ్ల ముందు కొండ కనిపించింది, మెట్లతో సహా. పాఠం అడిగితే ఈ నిగనిగల్లో ఏం చూపించాలి? పెయింటరమ్మ వైపు చూశాను. ఆమె అప్పటికే చీర కుచ్చెళ్లు దోపుకుంది.

"బేగి రా బావ, కూకుంటే అవదు."

యార్డు దుమ్ము అయిపోయింది. దొరికిందల్లా పట్టుకొచ్చాం. తోటలో ఎర్రమట్టి, సరస్వతీదేవి పటం ముందు అగరుబత్తి బూడిద, ఎవరిదో సైకిలు గొలుసు జిడ్డు, క్యాంటీన్లో పొద్దుటి నుంచి మరిగి మరిగి నల్లబడ్డ టీ డికాషను. ఇన్‌ఛార్జి గేటు దగ్గర పూలగుత్తితో నిలబడ్డాడు కాబట్టి మమ్మల్ని చూడలేదు. ఒక్క మేలు జరిగింది, కొబ్బరినూనెకు మట్టి బ్రహ్మాండంగా అంటుకుంది. అయినా చివరి ఆరు వ్యాగన్లు పూర్తయ్యేసరికి జీపు చప్పుడైంది. ఆ కంగారులో పెయింటరమ్మ మోచెయ్యి తగిలి, డికాషను గ్లాసు ఒక వ్యాగన్ చక్రం మీద ఒలికింది. తుడిచే వ్యవధి లేదు. బండిని అలాగే పట్టాలెక్కించాం.

తనిఖీకి వచ్చింది ఒక పెద్ద మేడమ్. తక్కువ మాట, ఎక్కువ చూపు. ఆమె వెనక అధికారులు, వాళ్ల వెనక ట్రైనీలు. ఇన్‌ఛార్జి తెల్ల ఎక్స్‌ప్రెస్‌ను రెండు చుట్లు తిప్పాడు. దీపాలు వెలిగాయి. ఆమె తల ఊపింది. తర్వాత, గూడ్సు ఏదని అడిగింది.

నేను లూప్ లైన్లోంచి వదిలాను. ముందు ఇరవై నాలుగు వ్యాగన్లు పెళ్లికొడుకుల్లా, వెనక ఆరు అప్పుడే బురద గుంటలోంచి లేచిన గేదెల్లా ఊరేగింపుగా వచ్చాయి.

ఆమె వంగింది. మోకాళ్లు బాగున్న మనిషి.

"ఏమిటిది? ఒకే బండిలో రెండు రకాలున్నాయేం?"

ఇన్‌ఛార్జి ముఖం ఎర్రబడింది. ఆ ఆరూ ఎలా వచ్చాయో ఆయనకూ అంతుబట్టలేదు. అయినా నిలదొక్కుకున్నాడు.

"క్షమించాలి మేడమ్. ఆ చివరివి కడగడానికి టైము చాల్లేదు."

పెయింటరమ్మ సీలింగు ఫ్యాను రెక్కలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నేను నా బూట్లు చూసుకున్నాను. కొండ ఇంకా దగ్గరికొచ్చింది.

మేడమ్ వెనక్కి తిరిగి ట్రైనీలను పిలిచింది. ఈ బండి మీ యార్డులోకి వచ్చింది, ఏ వ్యాగన్ని ఆపుతారు అని అడిగింది. వాళ్లు ఇంజను వైపు నుంచి మొదలుపెట్టారు. మెరిసేవాటి ముందు ఆగారు, చూశారు, ముందుకు జరిగారు. ఆపడానికి కారణమూ లేదు, పంపడానికి ధైర్యమూ లేదు. చివరికి ఒక అమ్మాయి ఆ ఆరింటిలో ఒకదాని దగ్గర వంగి అలాగే ఉండిపోయింది.

"మేడమ్, ఈ చక్రం పక్కన నూనె చిమ్మింది. దుమ్ము కూడా పట్టేసింది. బేరింగు కారుతోంది. దీన్ని సిక్ లైనుకు తియ్యాలి."

మేడమ్ వచ్చి చూసింది. వేలితో తాకి చూడలేదు, దేవుడున్నాడు. తాకి వాసన చూస్తే అందులో ఏలక్కాయ కూడా తగిలేది.

"చాలా బాగా పెట్టారు ఈ లోపం. ఎవరి ఆలోచన?"

అది టీ అని చెప్పే ధైర్యం నాకు లేదు. నాది అని చెప్పే ముఖమూ లేదు. ఈ రెంటి మధ్యా నేను తటపటాయిస్తుండగా ఇన్‌ఛార్జి ఒక అడుగు ముందుకేశాడు.

"మా మోడల్ రూము ఆలోచనేనండి. నేను చాలా రోజుల నుంచీ దీని మీద పనిచేస్తున్నాను."

మేడమ్ ఆయన వైపు తిరిగింది.

"మరి మిగతావన్నీ కడిగి ఎందుకు పాడుచేశారు? ఈ గదిలో తిరిగే ప్రతి బండీ, అసలు పట్టాల మీద ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉండాలి. అప్పుడే ఇది పాఠం. గది ఉండనివ్వండి, బాగుంది."

అంతే. గది ఉండిపోయింది. కొండ వెనక్కి వెళ్లిపోయింది. ముప్పై ఏళ్ల అనుభవం కాపాడలేని నా ఉద్యోగాన్ని క్యాంటీన్ టీ కాపాడింది. అప్పటిదాకా ఆ టీ ఎందుకూ పనికిరాదని ఫిర్యాదు చేసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి.

వార్షికోత్సవంలో ఇన్‌ఛార్జికి షీల్డు ఇచ్చారు. మైకు పట్టుకుని ఆయన వ్యాగన్ మురికిలో ఉన్న బోధన విలువ గురించి మాట్లాడాడు. మురికి గురించి అంత శుభ్రంగా మాట్లాడిన మనిషిని నేను చూడలేదు. పెయింటరమ్మ నా పక్కనే కూర్చుని, సబ్బు సంగతి ఎప్పుడొస్తుందా అని చివరిదాకా ఎదురుచూసింది. రాలేదు. మా ఇద్దరి గురించీ కూడా రాలేదు. లేచి వెళ్లి చెప్పమని ఆమె నన్ను మోచేత్తో రెండుసార్లు పొడిచింది. నేను లేవలేదు. మోకాళ్లు బాగాలేవుగా. ఇంటికి దగ్గర్లో రిటైరయ్యే అదృష్టం పట్టినవాడు షీల్డుకు పోటీపడకూడదని నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకున్నాను గాని, నాకు నేను పూర్తిగా నచ్చచెప్పుకోలేకపోయాను.

తర్వాతి ఏడాదంతా మిగతా ఇరవై నాలుగు వ్యాగన్లను మళ్లీ మురికి చేశాం. ఈసారి తీరిగ్గా, కొత్తవలస దుమ్ముతో. ఆ పని ముగిసేనాటికి నా రిటైర్మెంటు వారంలో పడింది. సరిగ్గా అప్పుడే ఇన్‌ఛార్జికి వేరే డివిజను నుంచి పిలుపు వచ్చింది, వచ్చి మురికి మీద నాలుగు మాటలు చెప్పమని. పెట్టె సర్దుకుని వెళ్తూ, నా వీడ్కోలు సభకు ఉండలేకపోతున్నందుకు నిజంగానే బాధపడ్డాడు. ఇరవై నాలుగూ అయిపోయాయని గమనించకుండానే నా చెయ్యి పట్టుకుని, మేడమ్ చెప్పినట్టు మిగిలినవి కూడా పూర్తిచేసి వెళ్లండి మాస్టారూ అన్నాడు.

"మిగిలినవి అంటే, అన్నీనా అండీ?" అని అడిగాను. పక్కన పెయింటరమ్మ ఉంది.

"అన్నీనండి. ఒక్కటి కూడా వదలొద్దు."

ఆ గదిలో ఇంకా శుభ్రంగా మిగిలిన బండి ఒక్కటే.

పెద్దల ఆజ్ఞ. తెల్ల ఎక్స్‌ప్రెస్‌ను లూప్ లైన్లోకి తెచ్చి, నా బల్ల మీద పెట్టుకుని, నాలుగు రోజులు దాన్ని చూసుకున్నాను. అసలు పట్టాల మీద దాని అన్నదమ్ముడు ఎలా ఉంటాడో ఈసారి ముందే వెళ్లి నిలువెత్తున చూసి వచ్చాను. కింద అంచుల వెంట ఎర్ర దుమ్ము పట్టించాను. తలుపుల పక్కన, ఎవరో దిగుతూ దిగుతూ వదిలిపోయిన కిళ్లీ మరకలు వేశాను. ఒక కిటికీ అద్దం మీద రాయి తగిలిన చోట సాలెగూడులాంటి బీట గీశాను. ముక్కు మీద పురుగులు చితికిన మచ్చలు పెట్టాను. అన్నిటికంటే ఎక్కువ సమయం ఆ సూదిముక్కుకు ఎడం పక్కన పట్టింది. అక్కడ ఒక గేదె గుద్దిన సొట్ట వేశాను. నిజం సొట్ట కాదు. ఆయన రెండేళ్ల కష్టం మీద సుత్తి వేసేంత దుర్మార్గుణ్ణి కాను. ఉత్త రంగు, నీడ వేస్తే చాలు, సొట్టలాగే కనిపిస్తుంది. పక్కన నల్లటి వెంట్రుకలు నాలుగు గీశాను, పేడ కాస్త అద్దాను.

కిందటిసారి నా మురికి అంత సులువుగా ఎందుకు పోయిందో కూడా ఆలోచించుకున్నాను. పైన పూత లేదు. అందుకని పెయింటరమ్మ బోర్డులకు వాడే వార్నిషు తెచ్చి, ఇచ్చేముందు అది ఎంత గట్టిదో రెండుసార్లు నాకు చెప్పింది. నేను మూడు పూతలు వేశాను.

దండ వేశారు, శాలువా కప్పారు, గోడ గడియారం ఇచ్చారు. ఇంటికొచ్చేశాను. తర్వాత రెండో రోజు పొద్దున్న పెయింటరమ్మ ఫోను చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, బహుశా వరండాలోంచి.

ఇన్‌ఛార్జి వచ్చాడట. గది తలుపు తీసి, బండి దగ్గర చాలాసేపు నిలబడి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. ఎవరు చేశారని అడగలేదట. ఒక్కటి కూడా వదలొద్దని తనే అన్నాడు గదా అని ఆమె గుర్తుచేయబోతే చేత్తో ఆపేశాడట. తర్వాత లేచి, నెమ్మదిగా చొక్కా చేతులు మడతపెట్టుకుని, ఒక బకెట్టు నీళ్లు తెమ్మన్నాడట.

ఇప్పుడేం చేస్తున్నాడని అడిగాను.

"పొద్దుటినుండీ తోముతన్నారు బావ. సబ్బు అరిగిపోనాది గాని, గేదె మాత్రం కదల్నేదు."